“మంచి ఉద్దేశంతోనే పంపాను” అంటే చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: నేను ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేశాను. వయసు 63. తెలంగాణలో చేనేత మీద బతికే ఒక చిన్న పట్టణంలో ఉంటాను. మా ఎమ్మెల్యే ఒక సభలో నేత కులం వారిని చులకన చేసి మాట్లాడినట్టున్న 38 సెకన్ల వీడియోను నా పూర్వ విద్యార్థి ఒకరు వాట్సాప్‌లో పంపారు. తెలిసిన పిల్లవాడు కదా అని నమ్మి, “మనవాళ్ళంతా చూడాలి” అని రాసి మా కాలనీ గ్రూపులో పెట్టాను. అది కత్తిరించిన వీడియో అని రెండు గంటల తర్వాత తెలిసి, వెంటనే తొలగించాను. ఇప్పుడు పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ చేసి ఒకసారి వచ్చి వెళ్ళమంటున్నారు. గ్రూపు అడ్మిన్ అయిన మా మరిది మీద కూడా కేసు పెడతామని కొందరు బెదిరిస్తున్నారు. మంచి ఉద్దేశంతోనే పంపాను, నేను తప్పు చేశానా? ఇలాంటివి నిజమో కాదో నాలాంటి వారికి ఎలా తెలుస్తుంది?

జవాబు: అమ్మా, మీరు పంపిన చిన్న వీడియోను, దానితో పాటు జతచేసిన పూర్తి ప్రసంగాన్ని పక్కపక్కన పెట్టుకుని చూశాను. చిన్న వీడియోలో ఎమ్మెల్యే “నేత కులం వాళ్ళకు పింఛన్లు దండగ, ఎంత పెట్టినా వాళ్ళకు విశ్వాసం ఉండదు” అంటారు, అక్కడితో వీడియో ఆగిపోతుంది. పూర్తి ప్రసంగంలో ఆ వాక్యం అక్కడ ఆగలేదు. “...విశ్వాసం ఉండదు అని అన్నవాళ్ళే ఇవాళ మీ గడపకొచ్చి ఓట్లడుగుతున్నారు” అని ముగిసింది. మన భాషలో “అని” అనే మాట ఎప్పుడూ చెప్పిన మాటల తర్వాతే వస్తుంది కాబట్టి, తోక కత్తిరిస్తే చాలు, ఎదుటివారి మాట మాట్లాడిన వారి సొంత మాటైపోతుంది. పైగా 17వ సెకను దగ్గర ఆయన కండువా ఎడమ భుజం మీది నుంచి ఒక్కసారిగా కుడి భుజం మీదికి మారింది. అంటే మధ్యలోనూ కోత పడింది. ఈ రెండూ కంటికి కనిపించేవే, ఏ సాంకేతిక పరిజ్ఞానమూ అక్కరలేదు.

మీ మీద వాడగల సెక్షన్లలో ముఖ్యమైనది, పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 353. దాని రెండో ఉపవిభాగం ప్రకారం, మతం, కులం, భాష వంటి ప్రాతిపదికల మీద వర్గాల మధ్య శత్రుత్వం రేపే ఉద్దేశంతో గాని, రేపగల స్వభావంతో గాని ఉన్న తప్పుడు సమాచారాన్ని తయారుచేసినా, ప్రచురించినా, ఎలక్ట్రానిక్ మార్గంలో వ్యాపింపజేసినా మూడేళ్ళ వరకు జైలు శిక్ష గాని, జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. “నేను తయారుచేయలేదు, పంపాను అంతే” అన్న జవాబు ఇక్కడ సరిపోదు, ఎందుకంటే వ్యాపింపజేయడం అన్న మాటను చట్టమే విడిగా చేర్చింది. అయితే ఆ సెక్షన్‌కే ఒక మినహాయింపు ఉంది. ఆ సమాచారం నిజమని నమ్మడానికి సహేతుకమైన కారణాలుండి, సద్భావంతో, శత్రుత్వం రేపాలన్న ఉద్దేశం లేకుండా పంపిన వారిది నేరం కాదు.

మీరు “మంచి ఉద్దేశంతోనే పంపాను” అని రాశారు, నేను నమ్ముతున్నాను. కానీ సద్భావం అన్న మాటకు మనం ఇంట్లో చెప్పుకునే అర్థం వేరు, సంహిత రెండో సెక్షన్ ఇచ్చిన అర్థం వేరు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసినదేదీ, నమ్మినదేదీ సద్భావంతో చేసినట్టు కాదని చట్టం స్పష్టంగా చెబుతోంది. మనసు ఎంత స్వచ్ఛమైనదైనా, పంపే ముందు మీరు ఏం చూశారు, ఎవరిని అడిగారు అన్న ప్రశ్న తప్పదు. “తెలిసిన పిల్లవాడు పంపాడు” అన్నది కొంతవరకే పనికొస్తుంది, ఎందుకంటే ఆ పిల్లవాడు కూడా ఎవరి దగ్గరి నుంచో అందుకుని మీకు పంపినవాడే. మీరిద్దరూ ఒకరిమీద ఒకరు పెట్టుకున్న నమ్మకం వీడియోను నిజం చేయదు.

ఈ విషయంలో న్యాయస్థానాలు ఎంత కఠినంగా ఉండగలవో తమిళనాడు నటుడు, మాజీ ఎమ్మెల్యే ఎస్.వి. శేఖర్ కేసు చెబుతుంది. మహిళా పాత్రికేయులను కించపరిచే ఒక పోస్టును ఆయన 2018లో ఫేస్‌బుక్‌లో పంచుకున్నారు. చదవకుండానే పంపానన్నారు, తొలగించారు, క్షమాపణ కూడా చెప్పారు. అయినా పంపినవారే బాధ్యులని మద్రాసు హైకోర్టు 2023లో చెప్పింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు, 2024లో చెన్నైలోని ప్రత్యేక న్యాయస్థానం ఒక నెల జైలు శిక్ష విధించింది. అయితే ఆ పోస్టులోని మాటలే నేరుగా అవమానకరమైనవి, మీ వీడియో అటువంటిది కాదు. కాబట్టి ఆ కేసు చూసి భయపడవద్దు, కానీ తొలగించాను కదా అన్న ధీమా మాత్రం పెట్టుకోవద్దు.

మీకు అనుకూలమైన తీర్పులూ ఉన్నాయి. పాత శిక్షాస్మృతిలో ఇదే నేరానికి ఉన్న సెక్షన్‌ను పరిశీలిస్తూ సుప్రీంకోర్టు 1997లో, ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన బిలాల్ అహ్మద్ కాలూ కేసులో, కనీసం రెండు వర్గాల ప్రస్తావన ఉండాలనీ, నేరపూరితమైన మనసు ఉండాలనీ చెప్పింది. ఒక నాయకుడి మీద ఒక కులానికి కోపం తెప్పించడం, రెండు కులాల మధ్య శత్రుత్వం రేపడం ఒకటి కావని మీ తరఫున గట్టిగా వాదించవచ్చు. రాజకీయ విమర్శల మీద పోలీసులు యాంత్రికంగా కేసులు నమోదు చేయకుండా మన తెలంగాణ హైకోర్టు 2025 సెప్టెంబరులో మార్గదర్శకాలిచ్చింది. ఇక ఎమ్మెల్యే తన పరువు పోయిందనుకుంటే న్యాయ సంహిత సెక్షన్ 356 కింద స్వయంగా మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు చేసుకోవాలి. ఆ నేరానికి పోలీసులు తమంతట తాము ఎఫ్‌ఐఆర్ వేయలేరు.

ఎలా తెలుస్తుందన్న మీ ప్రశ్నకు వస్తాను. రేపు న్యాయస్థానంలో “తగిన జాగ్రత్త తీసుకున్నాను” అని చెప్పగలగాలంటే మొదట వెతకాల్సింది పూర్తి ప్రసంగం. పార్టీలు, ఛానళ్ళు సభలను యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నాయి కాబట్టి ఊరు, తేదీ తెలిస్తే అసలు దొరకడం సాధారణంగా కష్టం కాదు. ఆ తేదీ, ఊరు చెప్పని వీడియోను అసలే పంపవద్దు. 2024 లోక్‌సభ ఎన్నికల వేళ రిజర్వేషన్ల మీద కేంద్ర హోం మంత్రి అమిత్ షా మాటలుగా తిరిగిన వీడియోలోనూ జరిగింది ఇదే. ఏడాది కిందట తెలంగాణ సభలో ముస్లిం రిజర్వేషన్ల గురించి ఆయన అన్న మాటను కత్తిరించి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లన్నీ తీసేస్తామన్నట్టు చూపారు. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు, హైదరాబాద్‌లో అరెస్టులు కూడా జరిగాయి. ఛానల్ పేరుతో వచ్చే బ్రేకింగ్ న్యూస్ కార్డయితే ఆ ఛానల్ సొంత పేజీలో ఉందో లేదో చూడాలి. లోగో అతికించడం ఫోన్‌లోనే అయ్యే పని. చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని వాట్సాప్ చూపించే జంట బాణం గుర్తు, అది ఎంత దూరం తిరిగిందో చెబుతుందే గాని ఎంత నిజమో చెప్పదు. కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ విభాగం చూసేది కేంద్రానికి సంబంధించిన సమాచారాన్నే కాబట్టి, మీ ఎమ్మెల్యే వీడియో అక్కడ కనిపించకపోవడాన్ని నిజమనడానికి ఆధారంగా తీసుకోకూడదు. ఇన్నింటికన్నా ముందు, ఏ వీడియో చూడగానే వెంటనే పదిమందికీ పంపాలనిపిస్తుందో దాన్నే ఎక్కువ అనుమానించండి. మీలో ఆ కోపం రావాలనే దాన్ని అక్కడ కత్తిరించి ఉంటారు.

ఇక పోలీసుల ఫోన్ సంగతి. ఫోన్‌లో రమ్మంటే, నోటీసు రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా అడగండి. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళలోపు శిక్ష ఉన్న నేరాల్లో, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ జరపడానికి, పోలీసు దర్యాప్తు, అరెస్టుల పద్ధతిని చెప్పే చట్టమైన నాగరిక్ సురక్షా సంహిత 173(3) వీలిస్తోంది. మాటలకు, రాతలకు సంబంధించిన ఫిర్యాదుల్లో ఆ దారి పట్టడమే తగినదని సుప్రీంకోర్టు 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో చెప్పింది. మీకు వచ్చిన ఫోన్ బహుశా ఆ విచారణదే కావచ్చు. మిమ్మల్ని సాక్షిగా పిలిస్తే, మహిళ కాబట్టి ఇంటి దగ్గరే మాట్లాడమని కోరే హక్కు అదే చట్టం 179వ సెక్షన్ ఇస్తోంది. నేరం చేశారన్న అనుమానంతో 35(3) కింద నోటీసు ఇస్తే మాత్రం తప్పక హాజరు కావాలి. ఆ నోటీసుకు కట్టుబడి నడుచుకున్నంత కాలం, కారణాలు రాసి చూపకుండా అరెస్టు చేయకూడదు.

మీ మరిది విషయంలో కంగారు అక్కరలేదు. సభ్యులు పెట్టినదానికి అడ్మిన్ అయినంత మాత్రాన నేరబాధ్యత రాదని బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. ఆ వీడియోను ఆయన సమర్థించి గాని, మళ్ళీ పంచి గాని ఉంటే అది వేరే సంగతి.

గ్రూపులో వీడియో తొలగించడం మంచి పనే. కానీ ఇప్పటి నుంచి మీ ఫోన్‌లో మరేదీ తుడిచివేయవద్దు, ఫోన్ మార్చవద్దు. విచారణ మొదలయ్యాక చెరిపితే అది సాక్ష్యాన్ని నాశనం చేయడమనే కొత్త నేరమవుతుంది. మీ విద్యార్థి పంపిన మెసేజ్, దాని సమయం, మీరు తొలగించిన సమయం మీకే రక్షణ. ఈ రోజే అదే గ్రూపులో పూర్తి ప్రసంగం లింకు పెట్టి, “నేను పంపిన వీడియో కత్తిరించినది, పరిశీలించకుండా పంపాను, దయచేసి ఎవరూ ముందుకు పంపవద్దు” అని మీ పేరుతో రాయండి. ఆ వాక్యాలను ముందుగా నాకుగాని, మీ ఊరి న్యాయవాదికిగాని చూపించండి. అది రేపు రికార్డులోకి వెళ్ళే కాగితం. స్టేషన్‌లో వీడియో ఎవరు పంపారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ అబ్బాయిని కాపాడాలని మరో పేరు చెబితే మీ మాటకున్న విలువ పోతుంది. అతన్ని కూడా తన ఫోన్‌లో ఏదీ చెరపవద్దని చెప్పి, ఒక న్యాయవాదిని కలవమనండి.