అపార్‌లో పేరు కలవలేదంటే ముందు ఏది దిద్దించాలి?

“ఏడో తరగతి చదివే మా అమ్మాయికి అపార్ ఐడీ రాలేదు, పేరు కలవలేదట. బడి దగ్గర ఆధార్ జిరాక్స్ ఉండగా పేరు ఎలా తేడా వస్తుంది? ఇప్పుడు ఏది మార్పించాలి?” అని ఒకరు అడిగారు. అపార్ అంటే చదువు రికార్డులన్నీ ఒకచోట కలిపేందుకు విద్యార్థికి ఇచ్చే గుర్తింపు నంబరు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారిని. బడుల, పిల్లల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్ యూడైస్, దాని ఎంట్రీ కూడా నా నెత్తినే పడింది కాబట్టి చూసింది చెప్తాను.

ఒకప్పుడు యూడైస్‌కి అంకెలు పంపితే సరిపోయేది. ఆరో తరగతిలో ఆడపిల్లలు ఇంతమంది, మగపిల్లలు ఇంతమంది, అంతే. 2022-23 నుంచి ఒక్కొక్కరి వివరాలూ విడిగా ఎక్కించాలన్నారు, ఒక్కొక్కరికీ బడి మారినా మారని పెన్ అనే నంబరు వచ్చింది. అంకెలు పంపినన్నాళ్లూ పేరు ఎలా రాసినా ఎవరికీ పట్టలేదు. ఒక్కొక్కరి పేరూ ఎక్కించాల్సి వచ్చాకే తంటా మొదలైంది.

మన పేర్ల సంగతి మీకు తెలిసిందే. ఇంటిపేరు ముందు రాస్తాం. కొందరు పూర్తిగా రాస్తారు, కొందరు ఒక్క అక్షరంతో సరిపెడతారు, కొందరు దాన్ని చివరికి తోస్తారు. లక్ష్మి అని ఇంగ్లీషులో రాయాలంటే ఎక్స్ పెట్టేవాళ్లు కొందరు, కె ఎస్ హెచ్ పెట్టేవాళ్లు కొందరు. ‘విద్యార్థి పేరు’ అనే గడిలో ఇంటిపేరు ఉండాలా వద్దా అని మాలో మేమే అనుకోలేదు. మా బడిలోనే ముగ్గురం కూర్చుని మూడు రకాలుగా ఎక్కించాం. అపార్ వచ్చేది యూడైస్‌లో పేరూ ఆధార్‌లో పేరూ ఒకటైతేనే. మనిషికి ఇద్దరూ ఒకరేనని తెలుస్తుంది కానీ కంప్యూటర్‌కి చుక్క తేడా ఉన్నా వేరే మనిషే. వివరాలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపడం పెద్ద పని కాదు. పేరంటే ఏమిటో అందరూ ఒకేలా అనుకోవడమే కష్టం.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. ఒక తండ్రిని ఆధార్ మార్పించుకు రమ్మని పంపాను. పాపం, రెండు రోజుల కూలి పోగొట్టుకుని తిరిగి మార్పించుకొచ్చాడు. తర్వాత జనన ధ్రువపత్రం చూస్తే మునుపటి ఆధారే కరెక్టు, మా ఎంట్రీయే తప్పు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందులో ఒక అవకాశం నా వల్ల వృథా అయింది.

అందుకే ఆధార్ సెంటర్‌కి పరిగెత్తకండి. ముందు జనన ధ్రువపత్రం, బడిలోని అడ్మిషన్ రిజిస్టర్, ఆధార్, యూడైస్ ఎంట్రీ నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి. రేపు టెన్త్ మెమో మీద ఏ పేరు ఉండాలో ఇంట్లో ఇప్పుడే తేల్చుకోండి. ఆధార్ సరిగ్గా ఉంటే దాని నకలు, జనన ధ్రువపత్రం జతచేసి హెడ్మాస్టర్ గారికి అర్జీ ఇవ్వండి. మా దగ్గరైతే బడి లాగిన్‌లో కుదరనివి ఎమ్మార్సీలో, అంటే మండల వనరుల కేంద్రంలో, ఈ డేటా చూసే ఎంఐఎస్ కోఆర్డినేటర్ సరిచేస్తారు. ఆధారే తప్పైతే అప్పుడు సెంటర్‌కి వెళ్లండి. అపార్‌కి తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి, అది తప్పనిసరి కూడా కాదు. ఎవరైనా తొందరపెట్టినా తప్పు పేరుతో మాత్రం చేయించకండి.

ఇంకో మాట. బడి మారితే టీసీతో పాటు పెన్ నంబరు అడిగి రాయించుకోండి. పాత బడి వదిలేసిన పిల్లలు యూడైస్‌లో ‘డ్రాప్ బాక్స్’లోకి పోతారు, కొత్త బడివాళ్లు అక్కడి నుంచే తీసుకోవాలి. కూలి పనికి బెంగళూరు వెళ్లిన ఒక కుటుంబం పిల్లాడు అక్కడ రోజూ బడికి వెళ్తున్నా, పెన్ ఎవరూ అడక్క, మా జాబితాలో నెలల తరబడి చదువు మానేసినవాడిగానే కనిపించాడు. వాణ్ణి వెతికి ఇంటికి వెళ్లమని మాకు ఆదేశాలు కూడా వచ్చాయి!

మీ అమ్మాయి ఇంకా ఏడే, టైం ఉంది. తొమ్మిదిలో ఉంటే మాత్రం టెన్షన్ పడమనే చెప్పేవాణ్ణి.