జనవరిలో దొరికిన చోట మే నెలలో చేప ఎందుకు దొరకదు?

పాకాల, రామప్ప లాంటి లోతైన చెరువుల్లో దీనికి ముఖ్య కారణం నీటి వేడి, దాంతో మారే ఆక్సిజన్.

చలికాలం పొద్దున ఒడ్డు నీళ్లు తొందరగా చల్లబడతాయి, రవ్వ (రోహు), బొచ్చె (కట్ల) చేపలు లోతుకు దిగుతాయి. నీళ్లు 20 డిగ్రీల కంటే తగ్గితే మేత కూడా బాగా తగ్గిస్తాయి. మధ్యాహ్నం ఎండ తగిలే ఒడ్డున చూడాలి.

ఎండకాలమే చిక్కు. అడుగున చల్లగా ఉంటుంది కదా అని వల అడుగుకు దింపుతారు, ఉత్తదే వస్తుంది. వేడి నీరు పైనే ఉండి అడుగు నీటితో కలవదు. కింద కుళ్లే ఆకులూ బురదా అక్కడున్న ఆక్సిజన్‌ను తినేస్తాయి. పైనా అంతంతే: 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 దగ్గర 7.5 మాత్రమే. అందుకే చేప మధ్య పొరలో, గాలికి అలలు కొట్టే వైపు ఉంటుంది. ఏ లోతులో నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో తెలియాలంటే, రాయి కట్టిన సీసాకు బిరడా పెట్టి దింపండి. కావలసిన లోతులో ఇంకో దారంతో బిరడా లాగి, పైకి తీసిన వెంటనే థర్మామీటరు పెట్టండి. వేడి ఒక్కసారిగా పడిపోయే లోతుకు పైనే వల ఉండాలి.

కొర్రమీను లెక్క వేరు. అది పైకొచ్చి గాలి పీలుస్తుంది కాబట్టి తుంగ, గుర్రపుడెక్క ఉన్న వెచ్చని నీళ్లలోనే ఉంటుంది. వానలు పడ్డాక మాత్రం వాగు చెరువులో కలిసే మూల వదలొద్దు.