డొప్ప కోయకుండా తాబేలుకి ఆపరేషన్

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఇంట్లో రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేలు ఉంది. అక్వేరియం షాపులో కొన్నప్పుడు రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది, ఇప్పుడు పళ్లెమంత అయింది. మగ తాబేలు ముఖమే చూడలేదు, అయినా ఏటా గుడ్లు! ఈసారి తిండి తగ్గించి వెనక కాళ్లతో అద్దం గీకుతోంది, ఎక్స్‌రేలో గుడ్లు కనిపించాయి. ఆపరేషన్ అంటే డొప్పని రంపంతో కోయాలట. మా ఆయనేమో చెరువులో వదిలేద్దాం అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చెరువు మాట ముందే కొట్టేయండమ్మా. ఇది అమెరికాలో మిసిసిపీ నది వైపు జీవి, మన చెరువుల్లో వదిలితే ఇక్కడి తాబేళ్ల తిండికీ, ఎండ కాచుకునే చోటుకీ పోటీ వస్తుంది.

పుంజు లేకపోయినా కోడిపెట్ట గుడ్లు పెట్టినట్టే ఇదీ పెడుతుంది, పిల్లలు కావు, అంతే. గీకడం గుడ్లు పూడ్చే చోటు కోసం. టబ్బులో జానెడు లోతున తడి ఇసుక, మట్టి కలిపి పోసి, మనుషులు తిరగని మూల దాన్ని అందులో వదలండి. చాలాసార్లు ఇక్కడే తీరిపోతుంది. తీరకపోతే కాల్షియం, ఆక్సిటోసిన్ (గుడ్లని బయటికి తోయించే హార్మోన్) ఇంజెక్షన్లు ఇస్తారు, తాబేళ్లకి బాగానే పనిచేస్తాయి. కానీ గుడ్డు మరీ పెద్దదైనా, పగిలినా ఆక్సిటోసిన్ ప్రమాదం, కాబట్టి ఎక్స్‌రే చూడకుండా ఇస్తానంటే ఒప్పుకోకండి. తాబేలు నీరసంగా పడి ఉంటే మాత్రం ఇసుక కోసం ఆగొద్దు, వెంటనే తీసుకెళ్లండి.

ఏటా ఇదే గొడవైతే అప్పుడు ఆపరేషన్. రంపం పాత పద్ధతి. పొట్ట కింది డొప్పని కిటికీలా కోసి, పనయ్యాక ఆ ముక్కని మళ్లీ పెట్టి ఎపాక్సీతో అతికిస్తారు. డొప్ప అంటే ఎముకే కదా, మానడానికి నెలలు పడుతుంది.

ఇప్పుడు వెనక కాలుని వెనక్కి లాగి, దాని ముందు పై డొప్పకీ కింది డొప్పకీ మధ్య మెత్తని చర్మం ఉన్న గుంటలో చిన్న గాటు పెడతారు, అందులోంచి ఎండోస్కోప్ అనే సన్నని కెమెరా గొట్టం దూర్చి తెర మీద చూస్తూ అండాశయాన్ని బయటికి లాగి రక్తనాళాలు కట్టి తీసేస్తారు. అది పసుపు ద్రాక్షగుత్తిలా వదులుగా వేలాడుతుంది కాబట్టే ఇంత చిన్న కన్నంలోంచి వస్తుంది. చాలాసార్లు రెండూ ఒక వైపు నుంచే వచ్చేస్తాయి. స్లైడర్లకి ఆ సందు సరిపోతుంది, అన్ని రకాలకీ కుదరదు.

డాక్టర్‌ని ఒకటే గట్టిగా అడగండి: రెండు అండాశయాలూ పూర్తిగా తీస్తారా? ముక్క మిగిలితే మళ్లీ మొదటికొస్తుంది. గర్భనాళాలు, అంటే గుడ్లు బయటికొచ్చే దారి, తీసేసి అండాశయాలు వదిలితే ఇంకా ఘోరం, పచ్చసొన పొట్టలో పడి వాపు వస్తుంది.

తాబేలు చాలాసేపు ఊపిరి బిగబడుతుంది కనుక మత్తులో గొట్టం వేసి ఊపిరాడించాలి, మేలుకోవడానికి గంటలు పట్టినా కంగారుపడకండి. తర్వాత కొన్నాళ్లు పొడిగా, వెచ్చగా ఉంచి, డాక్టర్ చెప్పినంతసేపే నీళ్లలో దించండి. చర్మం నెమ్మదిగా మానుతుంది, కుట్లు విప్పడానికి నెల పైనే పడుతుంది.