స్వయంలో కోర్సు మంచిదో కాదో చేరకముందే ఎలా తెలుస్తుంది?

వైజాగ్‌లో డిగ్రీ చదువుతున్నానని, డిగ్రీలో కలిసే క్రెడిట్ల కోసం స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక) కోర్సు తీసుకోవాలని, అది మంచిదో కాదో ముందే ఎలా తెలుస్తుందని అడిగారు. ముందు ఒక మాట: ఎంతమంది చేరారన్న అంకె చూసి మోసపోకండి. ఉచితం కదా, ఎవరైనా చేరతారు. ఇలాంటి కోర్సుల్లో చివరిదాకా నిలిచేవాళ్ళు తరచూ పదిమందిలో ఒకరు కూడా ఉండరు. అలాగని మధ్యలో మానేసిన ప్రతివాళ్ళూ కోర్సు బాగాలేకే మానేశారనీ కాదు, కొందరికి కావలసింది రెండు పాఠాలే.

నేను చూసేది అసైన్‌మెంట్లు. స్వయం కోర్సుకి వీడియో, చదువుకునే పాఠం, స్వీయ పరీక్ష, చర్చావేదిక అని నాలుగు భాగాలుంటాయి. వీడియో సంగతి పది నిమిషాల్లో తేలిపోతుంది, గాజువాక నుంచి మద్దిలపాలెం బస్సులో కూర్చుని చూసినా చాలు: మాస్టారు స్లైడు చదివేస్తున్నారా, లెక్క చేసి చూపిస్తున్నారా? అసలు గుట్టు ప్రశ్నల్లో ఉంటుంది. పాత బ్యాచ్ మూడో వారం ప్రశ్నలు తీయండి. వీడియోలోని వాక్యమే ఖాళీ పెట్టి అడిగితే అది జ్ఞాపకశక్తి పరీక్షే. కొత్త డేటా ఇచ్చి, తప్పు ఎక్కడుందో పట్టమంటే ఆ కోర్సు తీసుకోవచ్చు. తర్వాత చర్చావేదికలో సందేహాలకు జవాబు ఎన్నాళ్ళకి వచ్చిందో తేదీలు చూడండి. నేను అడిగిన ఒక సందేహానికి పరీక్ష అయ్యాక జవాబొచ్చింది!

స్వయంలో ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ కోర్సుల్లో సాధారణంగా అసైన్‌మెంట్లకు 25, పరీక్షాకేంద్రంలో రాసే పరీక్షకు 75 మార్కులు. క్రెడిట్ల బదిలీకి మీ కాలేజీ ఆమోదం చేరకముందే తీసుకోండి.