అదే డబ్బుకు కన్సోలా, కంప్యూటరా? మూత తీయగలిగినదే కొనండి

"ఒకే బడ్జెట్‌లో కన్సోల్ కొంటే మేలా, చవకలో గేమింగ్ కంప్యూటర్ కట్టించుకుంటే మేలా? పెర్ఫార్మెన్స్ దేనిది బాగుంటుంది?" అని అడిగారు. కన్సోల్ అంటే టీవీకి తగిలించి గేములు ఆడుకునే పెట్టె. కొన్న రోజు లెక్క మాత్రమే చూసుకుంటే కన్సోల్‌దే పైచేయి, అందులో అనుమానం లేదు. అయినా నేను కంప్యూటరే కొనమంటాను. ఎందుకో తెలియాలంటే మా మేనల్లుడి కంప్యూటర్ సంగతి చెప్పాలి.

2021 చివర్లో జరిగింది. వాడికప్పుడు పదిహేడేళ్లు. మొదట సోనీ కన్సోల్ పీఎస్5 కావాలన్నాడు. అది 2020 నవంబరులో విడుదలై ఏడాది దాటినా స్టాక్ దొరకడం గగనంగా ఉండేది. పోనీ కంప్యూటర్ అనుకుంటే, క్రిప్టో మైనింగ్ (కంప్యూటర్లతో డిజిటల్ డబ్బు సంపాదించడం) చేసేవాళ్లు, తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డులు ఊడ్చుకుపోతున్న రోజులవి. మామూలు కార్డుకు కూడా అసలు ధర మీద చాలా ఎక్కువ పెట్టాల్సి వచ్చేది. అందుకని కార్డు లేకుండా, రైజెన్ 5 5600జీ ప్రాసెసర్‌తో కట్టించాం. దాని లోపలే చిన్నపాటి గ్రాఫిక్స్ ఉంటుంది. కార్డు తర్వాతెప్పుడైనా పెట్టుకోవచ్చులే అనుకున్నాను.

మొదటి రోజు సాయంత్రం వాడు ఎంతో ఆశగా గేమ్ తెరిచాడు. తెర స్పష్టత 1080పి, సెట్టింగ్స్ అన్నీ 'లో', అంటే తక్కువ. నగరంలో వీధి వెంట నడిచే గేమ్ అది. స్క్రీన్ మూలన ఫ్రేముల లెక్క, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో, 26, 27 చూపిస్తోంది. ఎంత ఎక్కువుంటే ఆట అంత నున్నగా ఉంటుంది. మలుపు తిరిగితే 19కి పడిపోతోంది. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్కొక్కటే తగ్గించుకుంటూ పోయాడు. నీడలు తీసేశాడు, గడ్డి తీసేశాడు, చివరికి 720పికి దించాడు. తెర మీద మనుషుల మొహాలు మైనం ముద్దల్లా తయారయ్యాయి. "పర్లేదులే మావయ్యా, అలవాటైపోతుంది" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇంకో కొన్ని నెలలు ఆగి కన్సోలే కొనాల్సిందేమో అనిపించింది.

ఆ ఆదివారం ఇద్దరం కూర్చుని క్యాబినెట్ పక్క పలక తీశాం. లోపల ర్యామ్ (కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ) పెట్టే స్లాట్లు నాలుగు, ర్యామ్ స్టిక్ ఒక్కటే. మేం అడిగింది 16 జీబీ, ఉన్నదీ 16 జీబీనే, కాకపోతే మొత్తం ఒకే స్టిక్‌లో. అసలు తేడా ఇక్కడే ఉంది. విడి గ్రాఫిక్స్ కార్డుకు సొంత మెమరీ ఉంటుంది. ఇలా ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, మామూలు ర్యామ్‌నే వాడుకుంటుంది. మా ర్యామ్ రకమైన డీడీఆర్4 3200 స్టిక్ ఒకటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటా వెళ్తుంది. రెండు స్టిక్కులు రెండు చానళ్లలో, అంటే డేటా వెళ్లే రెండు దారుల్లో, ఉంటే 51.2 జీబీ. అంటే మా కంప్యూటర్ సగం దారి మూసేసుకుని నడుస్తోందన్నమాట. కట్టిచ్చినాయన దగ్గరికి వెళ్లి, ఆ స్టిక్ ఇచ్చేసి రెండు 8 జీబీవి మార్చుకొచ్చాం.

వాడే పెట్టాడు. ప్రాసెసర్ వైపునుంచి మొదటి స్లాట్‌లో ఒకటి, దాని పక్కనే రెండో దాంట్లో ఇంకొకటి. ఆన్ చేశాం. టాస్క్ మేనేజర్‌లో 16 జీబీ, స్లాట్లు నాలుగింట్లో రెండు అని చక్కగా చూపించింది. గేమ్ తెరిస్తే మళ్ళీ అదే వీధి, అదే 27.

ప్రాసెసరే లోపమున్నది వచ్చిందేమో అని నాకు టెన్షన్ పట్టుకుంది. వారంటీ కాగితాల కోసం అట్టపెట్టె వెతుకుతుంటే, స్క్రూల సంచీ కింద మదర్‌బోర్డు మాన్యువల్ కనపడింది. ఎవరూ తెరవని ఆ పుస్తకంలో చిన్న బొమ్మ ఉంది. రెండే స్టిక్కులైతే రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి పెట్టమని. మేం పెట్టినట్టు పక్కపక్కన పెడితే రెండూ ఒకే చానల్ కిందికి వస్తాయి. టాస్క్ మేనేజర్ ఆ సంగతి చెప్పదు.

మళ్ళీ పలక తీశాం. నేను ఫోన్ టార్చి పట్టుకున్నాను. వాడు స్టిక్ తీసి నాలుగో స్లాట్‌లో కూర్చోబెట్టి బొటనవేలితో నొక్కాడు, పట్టలేదు. బోర్డు వంగుతుందేమోనని వాడి భయం. "గట్టిగానే నొక్కరా, ఏం కాదు" అన్నాను. టక్‌మని క్లిప్పు పడింది. ఆన్ చేశాక బయోస్‌లోకి (విండోస్ రాకముందే తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లోకి) వెళ్లి చూస్తే 3200 అని రాసి ఉన్న ర్యామ్ 2400 మీదే నడుస్తోంది. ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపించే ఎక్స్ఎంపీ అక్కడ ఆన్ చేశాం. అప్పుడు అదే గేమ్, అదే వీధి, అవే లో సెట్టింగ్స్, మళ్ళీ 1080పి. 44, 46. మలుపు తిరిగినా 38 కిందికి పోలేదు. వాడు కెమెరాను అటూ ఇటూ గిర్రున తిప్పి చూసుకుని, "మావయ్యా, గడ్డి మళ్ళీ పెట్టనా?" అన్నాడు.

నేను విలువ అనేది దీన్నే. కొన్న వస్తువు బాగోకపోతే, ఎందుకు బాగోలేదో మనమే చూసుకుని సరిచేసుకోగలగడం.

ఇక మీరడిగిన పెర్ఫార్మెన్స్. పీఎస్5లో మెమరీ వేగం సెకనుకు 448 జీబీ. పైన చెప్పిన 51.2తో పోల్చి చూడండి. గ్రాఫిక్స్ బలం 10.28 టెరాఫ్లాప్స్ (సెకనుకు చేసే లెక్కల కొలత), మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌ది 12. ఆ డబ్బుకే కొత్త భాగాలతో కంప్యూటర్ కట్టి మొదటి రోజే వాటిని దాటిస్తానని ఎవరైనా అంటే నమ్మకండి. పైగా కన్సోల్ లోపల ఏముందో గేమ్ తయారుచేసేవాళ్లకు ముందే తెలుసు కాబట్టి దానికి తగ్గట్టు సానబెడతారు. షేడర్లు (తెర మీద వెలుగునీడలు గీసే చిన్న ప్రోగ్రాములు) కూడా ఆ యంత్రానికి తగ్గట్టు ముందే కంపైల్ చేసి, అంటే సిద్ధం చేసి, ఇస్తారు. కంప్యూటర్లో ఒక్కొక్కరి కార్డు ఒక్కో రకం కాబట్టి ఆ పని మన దగ్గరే జరగాలి. కొత్త గేముల్లో మధ్యమధ్యలో ఉన్నట్టుండి జెర్క్ రావడానికి చాలాసార్లు కారణం అదే. నాకది చాలా చిరాకు.

అలాగని కన్సోల్‌లో ఏ గేమైనా నున్నగా ఆడుతుందనుకోవడం కూడా తప్పే. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 అనే గేమ్ వచ్చినప్పుడు పీఎస్4లో ఎంత ఘోరంగా నడిచిందంటే, సోనీ తన స్టోర్ నుంచే దాన్ని తీసేసింది. తిరిగి పెట్టింది 2021 జూన్‌లో. ఆర్నెల్లు! డబ్బు పెట్టి కొన్నవాళ్లు డబ్బు వాపసు అడగడం తప్ప, ఆటను బాగుచేసుకోవడానికి తమ వైపునుంచి చేయగలిగింది ఏమీ లేదు. సెట్టింగ్స్ తగ్గించుకునే వీలు లేదు, ఒక భాగం మార్చుకునే వీలూ లేదు.

కన్సోల్ అంత చవకగా ఎలా ఇస్తారని కూడా ఆలోచించాలి. 2021లో ఎపిక్, యాపిల్ కంపెనీల కోర్టు కేసులో మైక్రోసాఫ్ట్ అధికారే చెప్పారు, ఎక్స్‌బాక్స్‌లను నష్టానికే అమ్ముతామని. ఆ నష్టం ఎక్కడ పూడ్చుకుంటారు? అమ్ముడయ్యే ప్రతి గేమ్‌లో వాటా, పైన చందా. నాకు ఒళ్లు మండేది ఈ చందా గురించే. ఇంటర్నెట్ బిల్లు మనమే కడతాం, గేమ్ మనమే కొంటాం, స్నేహితుడితో ఆన్‌లైన్‌లో ఆడాలంటే మళ్ళీ ఇంకో చందా. పీఎస్3లో ఆన్‌లైన్ ఆట ఉచితం, పీఎస్4 నుంచి డబ్బులు పెట్టారు. ఉచిత గేములు కొన్నింటికి మినహాయింపు ఉంది గానీ, కొనుక్కున్న గేములకు మాత్రం కట్టాల్సిందే. కంప్యూటర్లో ఈ బాధ లేదు. అయిదారేళ్ల చందా కూడి చూసుకోండి, ఓ మంచి గ్రాఫిక్స్ కార్డు వస్తుంది.

ఇంకో పాత నమ్మకం కూడా పోయింది. ఒకప్పుడు కన్సోల్ వచ్చి కొన్నేళ్లయితే ధర దిగేది. 2000లో అమెరికాలో విడుదలైన పీఎస్2 ధర 2009 నాటికి మూడో వంతుకు వచ్చింది. పీఎస్5కు అది తిరగబడింది. 2022 ఆగస్టులో చాలా దేశాల్లో పెంచారు, 2025 ఆగస్టులో అమెరికాలోనూ పెంచారు. ఆగితే తగ్గుతుందనుకున్నవాళ్లే నష్టపోయారు.

మా వాడి సంగతికొస్తే, మేం ఆగింది కలిసొచ్చింది. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి, గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని మైనింగ్ చేయడం ఆగిపోయింది. దాంతో వాడిన కార్డులు మార్కెట్లోకి కుప్పలుగా వచ్చాయి. 2023లో ఒక సెకండ్‌హ్యాండ్ ఆర్ఎక్స్ 6600 కార్డు కొన్నాం. 8 జీబీ సొంత మెమరీ, కరెంటు 132 వాట్లే, కాబట్టి పాత ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) కూడా మార్చలేదు. అదే కంప్యూటర్, అదే వీధి, ఇప్పుడు హై సెట్టింగ్స్‌లో 70 దాటుతోంది. ఇది కూడా చాలకపోతే ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. మా బోర్డులో ప్రాసెసర్ కూర్చునే గూడు, ఏఎం4 సాకెట్, 2016లో వచ్చింది, అందులో కూర్చునే 5800ఎక్స్3డీ ప్రాసెసర్ 2022లో వచ్చింది. ఆరేళ్ల తేడా! కన్సోల్‌లో అయితే బలం పెంచుకోవాలంటే పెట్టె మొత్తం మార్చాలి. మొదట వచ్చిన పీఎస్5లో డిస్క్ డ్రైవ్ పాడైతే ఇంకో పీఎస్5 నుంచి తీసి పెట్టినా డిస్కులు ఆడవు, ఏ డ్రైవ్‌ను దాని బోర్డుకే ముడిపెట్టారు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో ఆ తరం గేములు ఆడించేలా స్టోరేజి పెంచుకోవాలంటే దానికోసమే చేసిన కార్డు కొనాలి. పీఎస్5లో కంప్యూటర్లకు వాడే ఎం.2 ఎస్ఎస్‌డీ (చిన్న స్టోరేజి పలక) తగినంత వేగమున్నదైతే పడుతుంది, ఆ మంచి పని మాత్రం చేశారు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పెద్ద గేములు కొన్ని కంప్యూటర్‌కు ఆలస్యంగా వస్తాయి. జీటీఏ 5 కన్సోళ్లలో 2013 సెప్టెంబరులో వస్తే కంప్యూటర్‌కు 2015 ఏప్రిల్ దాకా రాలేదు. విడుదల రోజే ఆడకపోతే మీకు ఉండబట్టదనుకుంటే కన్సోలే కొనుక్కోండి. సోఫాలో కూర్చుని, టీవీ ఆన్ చేసి ఆడేసి పడుకోవాలి, లోపల ఏముందో నాకక్కర్లేదు అనుకునేవాళ్లకూ అదే నయం.

కంప్యూటర్ అన్నారు కదా అని చవక గేమింగ్ లాప్‌టాప్ మాత్రం తొందరపడి కొనకండి. గ్రాఫిక్స్ ఆర్‌టీఎక్స్ 4060 అని లాప్‌టాప్ మీద స్టిక్కర్ ఒకటే ఉంటుంది, లోపల అది 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతలోనైనా నడవొచ్చు. పేరు ఒకటే, ఆట మాత్రం ఒకటి కాదు. ఆ వాట్ల లెక్క అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేయకపోవడం అన్యాయం. అలాగే రంగుల లైట్ల ఫ్యాన్లకు డబ్బు పోసి ఎస్ఎంపీఎస్ దగ్గర పొదుపు చేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. రేపు కార్డు పెట్టాలన్నా, బోర్డు క్షేమంగా ఉండాలన్నా అదే ముఖ్యం.

మీరు కార్డు లేకుండా మొదలుపెట్టేట్టయితే ర్యామ్ రెండు స్టిక్కులుగానే అడగండి. బిల్లులో 16 జీబీ అని కాకుండా "8 జీబీ, రెండు" అని రాయించుకోండి. బోర్డుకు నాలుగు స్లాట్లుంటే చాలావాటిలో ప్రాసెసర్ వైపునుంచి రెండోది, నాలుగోది. మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, పెట్టేముందే ఒకసారి చూసుకోండి. క్లిప్పు టక్‌మనేదాకా నొక్కండి.