ఆదివారం అడ్వాన్స్ ఇచ్చే ముందు

అమ్మాయీ,

ప్రగతినగర్ ఫ్లాటు మీ ఇద్దరికీ నచ్చిందనీ, 80 లక్షలకు బేరం కుదిరిందనీ అమ్మ చెప్పింది. సంతోషం. ఆదివారం 5 లక్షలు అడ్వాన్స్ ఇస్తున్నారట, అగ్రిమెంటు కూడా బ్రోకరే రెడీ చేయించాడట. ఆ రెడీమేడ్ అగ్రిమెంటు గురించే రాస్తున్నాను.

గడువులోగా రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే అడ్వాన్స్ వాపసు ఇవ్వం అనే మాట అందులో ఉండే ఉంటుంది. మరి లోన్ రాకపోతే? అప్పుడు అడ్వాన్స్ తిరిగి ఇస్తామనే మాట మీరు అడిగి రాయించుకోవాల్సిందే.

"బ్యాంకు నుంచి లోన్‌కు ప్రీ అప్రూవల్ వచ్చేసింది మామయ్యా" అంటావు. అది మీ జీతాలు చూసి ఇచ్చింది. ఫ్లాటును బ్యాంకు ఇంకా చూడలేదు. వాళ్ల లాయరు లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే ఫ్లాటు ఇదివరకు చేతులు మారిన కాగితాలన్నీ తిరగేయాలి, ధర కట్టే వాల్యుయర్ వచ్చి బిల్డింగును ప్లానుతో సరిచూడాలి. నాలుగంతస్తులకు పర్మిషన్ తీసుకుని ఐదోది లేపడం మన దగ్గర కొత్తేం కాదుగా. నేను బ్యాంకు లోన్ సెక్షన్‌లో ఉన్నన్నాళ్లూ జీతం చాలక ఆగిన ఫైళ్లకన్నా ఇలా ఆగినవాటితోనే నాకు ఎక్కువ తలనొప్పి.

వచ్చినా, అనుకున్నంత రాకపోవచ్చు. బేరం ధర, వాల్యుయర్ కట్టిన ధర, రెండింట్లో ఏది తక్కువైతే దాని మీదే లెక్క. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు లోన్ అయితే అందులో 80 శాతం మించి ఇవ్వరు. మీరు 64 లక్షలు వస్తుందనుకుంటారు. వాల్యుయర్ 70 అన్నాడంటే చేతికొచ్చేది 56. మిగతా 8 లక్షలు ఎక్కడ తెస్తారు? అందుకే ఉత్తినే "లోన్ రాకపోతే" అని రాస్తే చాలదు. ఇలా రాయించు:

"కొనేవారికి 62 లక్షలకు తగ్గకుండా బ్యాంకు లోన్ మంజూరు కాకపోయినా, బ్యాంకు లాయరు టైటిల్‌ను ఒప్పుకోకపోయినా, అమ్మేవారు పూర్తి అడ్వాన్సును ఎలాంటి కోత లేకుండా 15 రోజుల్లో తిరిగి చెల్లించాలి."

అమ్మేవాళ్లు కాస్త గొణుగుతారు. గొణగనీ.

గడువు 60 రోజులు అంటున్నారు, బానే ఉంది. కానీ అది సంతకం రోజు నుంచి కాదు, డాక్యుమెంట్ల కాపీలన్నీ మీ చేతికిచ్చిన రోజు నుంచి లెక్కపెట్టాలి. లేకపోతే నెలరోజులు వాళ్లే నాన్చి గడువైపోయిందంటారు.

వాళ్లకూ ఆ ఫ్లాటు మీద లోన్ ఉందట కదా. ఒరిజినల్స్ వాళ్ల బ్యాంకులోనే ఉంటాయి. వాళ్ల లోన్ బాకీ మొత్తం నేరుగా ఆ లోన్ అకౌంటుకే కడతామనీ, తనఖా విడుదల ఈసీలో (ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్) కనబడేలా చేయించే పూచీ వాళ్లదేననీ రాయించు. ఫ్లాటు భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. ధర 50 లక్షలు దాటింది కాబట్టి మీరు అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సిన 1 శాతం పన్ను (టీడీఎస్) ఆ 80 లక్షల్లోనే కలిసి ఉందని కూడా ఒక లైను వేయించు. అమ్మేవాళ్లు ఎన్నారైలైతే ఆ లెక్క వేరు, నాకు ఫోన్ చెయ్యి.

ఇంకొకటి. కొంత బ్లాక్‌లో ఇచ్చి కాగితం మీద 60 లక్షలే వేద్దామని బ్రోకర్ అంటే ఒప్పుకోవద్దు. రేపు గొడవొస్తే రాసుకోని డబ్బు ఇచ్చామని రుజువు చేసుకోలేక తిరగాలి.

డ్రాఫ్టు శనివారం పొద్దున్నకల్లా వాట్సాప్‌లో పంపు. ఫొటోలు కాదు, పీడీఎఫ్.

మీ మామయ్య