బీటీ పత్తికి గులాబీ రంగు పురుగు అలవాటు పడిపోయిందా?

బీటీ పత్తి అంటే ఒక బ్యాక్టీరియా జన్యువు చేర్చడంతో పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యే పత్తి. లేదు, ఏ పురుగూ తన బతుకులో ఆ బీటీ విషానికి అలవాటు పడలేదు. తరాలు గడిచేకొద్దీ పురుగుల గుంపే మారిపోయింది, జీవపరిణామం అంటే ఇదే. ఆదోని వైపు పత్తి రైతులకు ఈ సందేహం చాలామందికి ఉంది.

ఒకే జాతి పురుగుల్లోనూ జన్యువుల్లో చిన్న తేడాలుంటాయి. బీటీ విషం పురుగు పేగు గోడకు అతుక్కుని చంపుతుంది. ఎక్కడో ఒకదానికి ఆ అతుక్కునే చోటే వేరుగా ఉంటుంది. చేనంతా బీటీయే వేస్తే మిగతావి చస్తాయి, బతికిన దాని సంతానమే పెరుగుతుంది. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. ఇప్పుడు గుడ్డి పువ్వు (పురుగు పట్టి విచ్చుకోని పువ్వు) విప్పితే లోపల పురుగు నిక్షేపంగా ఉంటోంది. ఒకప్పుడు 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ (బీటీ విషం లేని మామూలు పత్తి) విత్తనం విడిగా ఇచ్చింది ఇందుకే. చేలో వేసిన ఆ నాన్ బీటీ వరసల్లో బతికిన మామూలు పురుగులతో, విషాన్ని తట్టుకునే పురుగులు జతకడితే ఆ గుణం త్వరగా పాకదు. ఆ విత్తనాన్ని పక్కన పడేయడం నిజంగా పెద్ద నష్టం చేసింది.

శాస్త్రవేత్తలు వేర్వేరు చేలల పురుగులను తెచ్చి, విషం కలిపిన మేత పెట్టి, ఎన్ని బతికాయో లెక్కిస్తారు. తర్వాత వాటి జన్యువులను పోల్చి చూస్తారు.

“మందు కొట్టీ కొట్టీ పురుగు మొండిదైంది” అంటుంటారు. తట్టుకునే తేడాను విషం పుట్టించలేదు. అది ఉన్న పురుగులను మాత్రమే మిగిల్చింది.